విడాకుల తర్వాత మొదలయ్యే ప్రేమకథని చిన్న బడ్జెట్‌లో సినిమాగా తీయాలంటే

రామ్‌కామ్ (రొమాంటిక్ కామెడీ) అనగానే మనవాళ్ళకి ఇప్పటికీ కాలేజీ, బస్టాపు, ఇరవై రెండేళ్ళ కుర్రాడే గుర్తొస్తాడు గానీ నన్నడిగితే ఈ జానర్‌లో అసలు దమ్మున్న కథ నలభైకి దగ్గర పడ్డవాళ్ళది. ఒక పెళ్ళి అయిపోయి, లేదా తోడు పోయి, లేదా ఊరూ ఉద్యోగం రెండూ వదిలేసుకుని మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టినవాళ్ళది. ఇండిపెండెంట్‌గా తీద్దామనుకునేవాళ్ళకి కూడా ఇదే బాగా కుదిరే కథ, స్టార్ అక్కర్లేదు, ఫారిన్ పాట అక్కర్లేదు, ఓ అద్దె ఇల్లు, ఓ చిన్న కొట్టు, బాగా చేసే ఇద్దరు నటులు చాలు. 2018లో వచ్చిన కేరాఫ్ కంచరపాలెంలో 49 ఏళ్ళ అటెండరు, 42 ఏళ్ళ ఆఫీసరు ప్రేమించుకుంటుంటే జనం ఎంత ఇష్టంగా చూశారో గుర్తుంది కదా, అందులో చేసినవాళ్ళు చాలామంది విశాఖలో ఆ పేటలో ఉండే మామూలు మనుషులే. చూసేవాళ్ళకి ఏ ఇబ్బందీ లేదు, తీసేవాళ్ళే భయపడుతున్నారు.

మాటల్లో చెప్తే గాల్లో ఉంటుంది కాబట్టి ఒక ఊహా కథ పెట్టుకుని దాని మీదే పని చేద్దాం. సునంద, 38 ఏళ్ళు, హైదరాబాద్‌లో పన్నెండేళ్ళ కాపురం వదిలేసి రాజమండ్రి తిరిగొచ్చింది, దానవాయిపేటలో కర్రీ పాయింట్ పెట్టింది. భాస్కర్, 44 ఏళ్ళు, గ్యాస్ స్టవ్‌లూ మిక్సీలూ రిపేర్ చేస్తాడు, భార్య చనిపోయింది, పదో తరగతి చదివే కూతురుంది. ఇంతే కథ. ఇప్పుడు దీన్ని రెండు గంటలు ఎలా నిలబెట్టాలి అన్నదే ప్రశ్న.

అన్నిటికంటే ముందు ఒక్క విషయం తేల్చుకోండి, ప్రేమ ఆవిడ కష్టాలకి మందు కాకూడదు. ఈ టైపు కథలు ఎక్కువగా చెడిపోయేది ఇక్కడే, హీరోయిన్ దిగులుగా ఉంటుంది, మంచివాడొకడు వస్తాడు, దిగులు పోతుంది, శుభం. అలా రాస్తే అది మళ్ళీ మొదలెట్టడం ఎలా అవుతుందండీ, ఒక మొగుణ్ణి తీసేసి ఇంకొకణ్ణి పెట్టడం అవుతుంది. సునంద కర్రీ పాయింట్ తన కాళ్ళ మీద తను నిలబడాలి, నష్టపోవాలి, మళ్ళీ లేవాలి, భాస్కర్ లేకపోయినా అది జరిగి తీరుతుంది అని ప్రేక్షకుడికి నమ్మకం కుదరాలి, అప్పుడు ఆవిడ అతన్ని ఒప్పుకుంటే ఆ ఒప్పుకోవడానికి విలువ. స్క్రిప్ట్ అయ్యాక ఒక పరీక్ష పెట్టుకోండి: భాస్కర్ ఉన్న సీన్లన్నీ తీసి పక్కన పెట్టి మిగిలినవి వరసగా చదవండి. అక్కడ ఇంకా ఒక కథ కనిపిస్తుంటే మీరు సరిగ్గా వెళ్తున్నట్టు. తర్వాత భాస్కర్‌కి కూడా ఇదే పరీక్ష. అతనికీ సునందతో సంబంధం లేని పని ఒకటుండాలి, కూతురు పది తర్వాత హాస్టల్‌కి వెళ్తానంటుంది, ఆ ఇంట్లో ఒక్కడే మిగిలిపోతాడు, ఆ భయం ఉంది చూడండి, అది అతని కథ.

రెండోది టైము. రామ్‌కామ్‌కి ఒక గడువు ఉంటే కథ దానంతట అదే పరిగెడుతుంది, మన చట్టంలోనే అద్భుతమైన గడువు ఒకటి రెడీగా ఉంది. హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ ప్రకారం భార్యాభర్తలిద్దరూ ఒప్పుకుని విడాకులు తీసుకోవాలంటే ముందు కనీసం ఏడాది విడిగా ఉండాలి, పిటిషన్ వేశాక మళ్ళీ 6 నెలలు ఆగాలి, 18 నెలల లోపు ఇద్దరూ కోర్టుకొచ్చి ఇంకోసారి ఒప్పుకోవాలి. ఆ 6 నెలలూ తప్పనిసరి కాదు, తగిన కారణముంటే కోర్టు మాఫీ చేయొచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. ఇప్పుడు చూడండి, సునంద పిటిషన్ వేసేసింది, ఆరు నెలలు ఆగాలి, కాగితాల మీద ఇంకా ఆవిడ పెళ్ళైన మనిషే. భాస్కర్ మొదటిసారి స్టవ్ బాగుచేయడానికొచ్చింది మొదటి నెలలో. సినిమా మొత్తం ఆ ఆరు నెలల్లో జరుగుతుంది, క్లైమాక్స్ రెండో సంతకం రోజు. మాజీ భర్తని విలన్ చేయక్కర్లేదు, ఆ రోజు అతను కోర్టుకి రావాలి, అంతే, వస్తాడా రాడా అన్నదే టెన్షన్. ఇంకో మాట, మన సినిమాల్లో జడ్జిగారు "ఆరు నెలలు ఒకే ఇంట్లో కలిసుండండి" అని పంపించేస్తుంటారు చూడండి, చట్టంలో అలాంటి షరతేం లేదు, దయచేసి ఆ సీన్ రాయకండి. కథ క్రైస్తవ కుటుంబంలోనో ముస్లిం కుటుంబంలోనో పెడితే చట్టం వేరు కాబట్టి ఒక ఫ్యామిలీ కోర్టు లాయర్ దగ్గర ఓ పూట కూర్చుని అడిగి రాసుకోండి, ఆ పూటలో మీకు కనీసం మూడు నాలుగు సీన్లు కూడా దొరుకుతాయి.

ఇక కామెడీ. ఇది చాలామంది కమెడియన్‌ని పెట్టి తెప్పిద్దామనుకుంటారు, హీరో ఫ్రెండ్ ఒకడు పంచ్‌లేస్తూ తిరుగుతాడు. అక్కర్లేదు. జీవితాన్ని మళ్ళీ మొదలెట్టడంలోనే బోలెడంత కామెడీ ఉంది, ఎందుకంటే మన వ్యవస్థలో ప్రతి కాగితం, ప్రతి మనిషి పెళ్ళైందా లేదా అన్న దగ్గరే మొదలవుతుంది. గ్యాస్ కనెక్షన్ ఆయన పేరు మీద, రేషన్ కార్డులో పేరు అక్కడ, ఆధార్‌లో అడ్రస్ హైదరాబాద్, బ్యాంకులో నామినీ ఆయనే, వాట్సాప్‌లో అత్తగారి ఫ్యామిలీ గ్రూప్‌లో ఇంకా ఉంది, తీసేయడానికి వాళ్ళకీ మొహమాటం, బయటికి రావడానికి ఈవిడకీ మొహమాటం, రోజూ పొద్దున్నే మావగారి శుభోదయం మెసేజ్‌కి దండం ఎమోజీ పెడుతుంది. ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. విడాకులు తీసుకున్నవాళ్ళతో, భాగస్వామిని పోగొట్టుకున్నవాళ్ళతో మాట్లాడండి, ఏడ్చిన సంగతులు అడక్కండి, "మొదటి నెలలో ఏ పనికి ఎక్కువ తిరగాల్సి వచ్చింది" అని అడగండి. వాళ్ళే నవ్వుతూ చెప్తారు. సినిమాలో వాడుకునేట్టయితే వాళ్ళని అడిగి, గుర్తుపట్టే వివరాలు మార్చి వాడండి, ఇది చాలా ముఖ్యం, వాళ్ళు నమ్మి చెప్పారు.

ఇల్లు వెతికే సీన్ ఒకటి ఎలా ఉండొచ్చో చూడండి.

"ఫ్యామిలీస్‌కేనమ్మా ఇచ్చేది."
"నేను ఫ్యామిలీనే అండి."
"అంటే... మీ వారు?"
"ఆయన వేరే ఫ్యామిలీ అండి."

నాలుగు లైన్లు. ఓనరు చెడ్డవాడు కాదు, ఆవిడ గొడవ పెట్టుకోదు, కానీ నవ్వొస్తుంది, నవ్వాక కొంచెం గుచ్చుకుంటుంది. ఈ ఓనరుని ఇంకొంచెం పెంచొచ్చు కూడా. కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించింది రాజమండ్రిలోనే, 1881 డిసెంబరు 11న. మన ఓనరు రిటైర్డ్ మాస్టారు, సభల్లో పంతులుగారి గురించి గంటసేపు కన్నీళ్ళు పెట్టుకుని మాట్లాడతాడు, అదే మనిషి తన ఇంట్లో పై వాటా ఒంటరి ఆడమనిషికి ఇవ్వడానికి జంకుతాడు. అతని ఆదర్శం అబద్ధం కాదు, భయం కూడా అబద్ధం కాదు, రెండూ నిజమే. అలాంటి మనిషి సినిమా మధ్యకొచ్చేసరికి మారితే థియేటర్లో చప్పట్లు పడతాయి, మీరు ఆ ఊరిని ఊరికే బ్యాక్‌గ్రౌండ్‌గా వాడలేదని కూడా తెలుస్తుంది.

ప్రేమ సీన్లకి వస్తే, ఈ వయసు మనుషులు ఐ లవ్ యూ చెప్పుకోరు, పనులు చేసిపెడతారు. భాస్కర్ రోజూ ఏదో వంకతో వస్తాడు.

"బర్నర్ మార్చాలండి."
"మొన్నేగా మార్చారు?"
"మొన్న చిన్నదండి. ఇవాళ పెద్దది."
"మరి రేపు?"
"రేపటికి పైపు చూద్దామండి, ఆయ్."

దీన్ని యాక్టర్లు సీరియస్‌గా చేయాలి, నవ్వించడానికి ప్రయత్నించకూడదు, అతను నిజంగానే పైపు గురించి ఆలోచిస్తున్నట్టు ఉండాలి. "గారు", "అండి" చివరి రీల్ దాకా ఉంచండి. ఏ సీన్లో "భాస్కర్ గారూ" కాస్తా ఉత్త "ఏవండీ" అవుతుందో అదే మీ ఇంటర్వెల్ కంటే పెద్ద మలుపు, దాని కోసం ముందు నుంచీ దాచుకోండి. యాస విషయంలో కూడా ఒక మాట, గోదావరి యాస అంటే ప్రతి వాక్యానికీ ఆయ్ తగిలించడం కాదు, అది వెటకారం అయిపోతుంది. ఆ ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళ చేత డైలాగులు పైకి చదివించి, ఎక్కడ నాలుక తడబడిందో అక్కడ మార్చండి.

కూతురి పాత్రని మాత్రం అడ్డంకిగా వాడకండి. పదిహేనేళ్ళ పిల్ల నాన్నకి రెండో పెళ్ళి వద్దని ఏడవడం వంద సార్లు చూశాం. ఆ పిల్లకి సునంద వండిన గుత్తొంకాయ కూర ఇష్టం, ఆంటీ అంటే కూడా ఇష్టం, కానీ అమ్మ వాడిన గ్రైండర్ని నాన్న ఎవరికో ఇచ్చేస్తే మాత్రం ఊరుకోదు. సమస్య ఆ గ్రైండర్ దగ్గర పెట్టండి.

రాతపని అయ్యాక లెక్క. పేజీకి సుమారు ఒక నిమిషం అనుకుంటే 110 పేజీలు దాటనివ్వకండి. రోజుకి ఐదు పేజీలు తీయగలిగితే 22 రోజుల్లో అయిపోతుంది, చిన్న యూనిట్‌కి ఇది కష్టమే గానీ సాధ్యమే, అయితే ఒక షరతు, సగానికి పైగా సీన్లు రెండే రెండు చోట్ల జరగాలి. మన కథలో కర్రీ పాయింట్, సునంద ఉండే పై వాటా. ఈ రెండూ ఒకే వీధిలో దొరికితే యూనిట్ మారే టైమంతా మిగులుతుంది, రోజుకి రెండు గంటలు మిగిలినా సినిమా మొత్తానికి అది ఎన్ని రోజులో మీరే లెక్కేసుకోండి. కర్రీ పాయింట్‌ని సెట్ వేయకండి, సాయంత్రం మాత్రమే తెరిచే నిజం కొట్టుని పగలంతా అద్దెకి తీసుకోండి, గోడల మీద నూనె మరకలు ఏ ఆర్ట్ డైరెక్టరూ అంత బాగా వేయలేడు. ఇంకో చిన్న వివరం, ఇళ్ళలో వాడేది 14.2 కేజీల ఎర్ర సిలిండర్, కొట్టుకి వాడాల్సింది 19 కేజీల నీలం సిలిండర్. మొదట్లో సునంద డబ్బుల్లేక ఇంటి సిలిండరే కొట్టులో వాడుతుంటే భాస్కర్ చూస్తాడు, చూసీ ఏమీ అనడు, మర్నాడు నీలం సిలిండర్ కనెక్షన్ ఫారం తెచ్చి కౌంటర్ మీద పెడతాడు. ఫ్రేమ్‌లో సిలిండర్ రంగు మారిందంటే ఆవిడ వ్యాపారం నిలబడిందని మాట లేకుండానే చెప్పినట్టు.

గోదావరి గట్టు మీద తీయాలని అందరికీ ఉంటుంది, తీయండి, కానీ సూర్యుడి సంగతి చూసుకోండి. రాజమండ్రి నదికి తూర్పు ఒడ్డున ఉంది, కొవ్వూరు పడమటి ఒడ్డున. అంటే రాజమండ్రి ఘాట్ మీద నిలబడితే నది మీద కనిపించేది సూర్యాస్తమయం. నీళ్ళ మీద సూర్యోదయం కావాలంటే కొవ్వూరు వైపు వెళ్ళాలి. సాయంత్రం ఆ మంచి వెలుగు ఉండేది కాసేపే కాబట్టి ఒకే సీన్‌ని రెండు మూడు సాయంత్రాలకి విడగొట్టి ప్లాన్ చేస్కోండి, బట్టలు మారకుండా చూసుకోండి. కార్తీకమాసంలో దీపాలు, జనం అన్నీ అద్భుతంగా ఉంటాయి గానీ పర్మిషన్లు ముందే తీసుకోవాలి, పైగా 2015 తర్వాత మళ్ళీ 2027లో పుష్కరాలు, ఆ టైముకి అటూ ఇటూ ఘాట్ల దగ్గర పనులు, బందోబస్తు ఉంటాయి కాబట్టి కనుక్కుని డేట్లు వేయండి. స్టేషన్‌లోనో రైల్లోనో సీన్ ఉంటే రైల్వే వాళ్ళ అనుమతి వేరే, దానికి ఫీజులూ కాగితాలూ చాలా ఉంటాయి, చిన్న సినిమాకి అంత అవసరమా అని ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. బ్రిడ్జి మీద రైలు వెళ్తుంటే దూరం నుంచి తీసుకుంటే చాలాసార్లు అదే ఎక్కువ బాగుంటుంది.

కెమెరా గురించి ఎక్కువ చెప్పను, ఇప్పుడు అన్నీ బాగానే ఉన్నాయి. ఒక్కటే, మన కరెంటు 50 హెర్ట్జ్, సెకనుకి 24 ఫ్రేమ్స్‌లో తీస్తున్నప్పుడు షట్టర్ స్పీడ్ సెకనులో 1/50వ వంతు దగ్గర పెట్టుకుంటే ట్యూబ్‌లైట్లు, చవక ఎల్‌ఈడీలు ఫ్లికర్ అవ్వకుండా ఉంటాయి. కొట్లో ముందు రోజే టెస్ట్ చేయండి.

కెమెరాలో మిగిల్చిన డబ్బంతా సౌండ్‌లో పెట్టండి. 2016లో పెళ్ళిచూపులు సింక్ సౌండ్‌తో, అంటే షూటింగ్‌లోనే మాటలు రికార్డు చేసి, వచ్చినప్పుడు ఆ మాటలు ఎంత సహజంగా వినిపించాయో తెలిసిందే, దానికి ఉత్తమ తెలుగు చిత్రంగా, మాటలకి కూడా నేషనల్ అవార్డులు వచ్చాయి. మన కథలో సగం కామెడీ మాట మధ్యలో ఆగడంలో, గొంతు సవరించుకోవడంలో ఉంది, డబ్బింగ్ థియేటర్లో మళ్ళీ చెప్పిస్తే అది రాదు. అయితే కర్రీ పాయింట్‌లో సింక్ సౌండ్ అంటే మామూలు విషయం కాదు. ఫ్రిజ్ ఆపాలి, ఎగ్జాస్ట్ ఆపాలి, పక్కింటి మోటార్ ఆపమని బతిమాలాలి. మిక్సీ, కుక్కర్ విజిల్, పోపు చప్పుడు ఇవన్నీ డైలాగ్ లేనప్పుడు విడిగా రికార్డు చేసుకుని ఎడిటింగ్‌లో కలుపుకోండి, సీన్ నడుస్తుంటే స్టవ్ మంట మాత్రం ఉండొచ్చు. ప్రతి లొకేషన్‌లో వెళ్ళిపోయే ముందు అందర్నీ కదలకుండా నిలబెట్టి ఒక నిమిషం ఖాళీ సౌండ్ తీసుకోండి, ఎడిటర్ మీకు జీవితాంతం రుణపడి ఉంటాడు. నటుల దగ్గర మైకు పట్టుకునే బూమ్ ఆపరేటర్‌కి మాత్రం డబ్బులు తగ్గించకండి, మీ సినిమా చిన్న సినిమాలా వినిపించాలా వద్దా అనేది ఆ మనిషి చేతిలో ఉంటుంది.

పాటలు రెండు మూడు చాలు, ఒకే సంగీత దర్శకుడు, మాటలకీ ట్యూన్‌కీ హక్కులు ఎవరివో షూటింగ్‌కి ముందే కాగితం మీద రాయించుకోండి. ఇక్కడ అందరూ ఇరుక్కునేది ఒకటుంది, కొట్లో రేడియో మోగుతుంటుంది, భాస్కర్ పాత పాట కూనిరాగం తీస్తాడు, ఫోన్ రింగ్‌టోన్ ఒక హిట్ పాట. వీటన్నిటికీ లైసెన్స్ కావాలి, కూనిరాగం తీసినా ఆ పాట రాసినవాళ్ళ, కట్టినవాళ్ళ హక్కు ఉంటుంది. భాస్కర్‌కి మీ సంగీత దర్శకుడి చేతే ఒక పాత పాటలాంటి పాట కట్టించండి, అదే తర్వాత సినిమాలో పెద్ద పాటగా రానివ్వండి, ఖర్చూ తగ్గుతుంది, కథా బలపడుతుంది.

సెన్సార్‌కి అప్లై చేసేది ఈ-సినీప్రమాణ్ పోర్టల్‌లో, మనకి సెన్సార్ బోర్డు (సీబీఎఫ్‌సీ) ప్రాంతీయ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. 2024 నుంచి, పిల్లలు పెద్దవాళ్ళ తోడుతో చూడొచ్చనే యూఏ సర్టిఫికెట్ యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+ అని మూడు రకాలైంది, స్క్రిప్ట్ దశలోనే మీకు ఏది కావాలో అనుకోండి. సిగరెట్ సీన్ ఉందంటే మొదట్లో, ఇంటర్వెల్ తర్వాత హెల్త్ యాడ్‌లు, సీన్ నడుస్తుంటే కింద హెచ్చరిక, అదంతా ఒక ఎమోషనల్ సీన్ మీద పడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి, భాస్కర్‌కి సిగరెట్ బదులు చేతిలో స్పానర్ పెట్టండి. కొట్టు ముందు కుక్క ఉంటే ముద్దుగా ఉంటుందని రాసేసుకుంటారు, జంతువు నటిస్తే జంతు సంక్షేమ బోర్డు అనుమతి షూటింగ్‌కి ముందే తీసుకోవాలి, ఆ కాగితం లేకుండా సెన్సార్ దగ్గర ఆగిపోతారు.

ఎడిట్ అయ్యాక మొదటి కట్‌ని ఫ్రెండ్స్‌కి చూపించి బాగుందనిపించుకోవద్దు. ముప్పై ఐదు దాటిన ఆడవాళ్ళు ఓ పదిమందిని, వాళ్ళలో విడాకులు తీసుకున్నవాళ్ళు, భర్త పోయినవాళ్ళు కూడా ఉండేట్టు, కూర్చోబెట్టి చూపించండి. మీరు స్క్రీన్ వైపు కాకుండా వాళ్ళ వైపు చూడండి. ఎక్కడ ఫోన్ తీశారో రాసుకోండి, ముఖ్యంగా ఎక్కడ నవ్వుతారనుకున్నారో అక్కడ నవ్వకపోతే, ఆ జోక్ ఆవిడ మీద వేశారా, ఆవిడ చుట్టూ ఉన్న లోకం మీద వేశారా అని చూసుకోండి. సునంద ఒంటరితనం మీద వేసిన జోకులన్నీ అప్పటికప్పుడు తీసేయండి, ఎంత బాగా పేలినా సరే. చివర్లో పెళ్ళి చూపించాలా వద్దా అని కూడా వాళ్ళనే అడగండి. నా మటుకు నేనైతే పెళ్ళి చూపించను, రెండో సంతకం అయ్యాక ఇద్దరూ కొట్టుకి తిరిగొచ్చి సాయంత్రం రష్‌లో పడిపోతారు, భాస్కర్‌కి కౌంటర్ లోపలికి రమ్మని పిలుపొస్తుంది, అక్కడికి చాలు.

రిలీజ్‌కి తొందరపడి యూట్యూబ్‌లో పెట్టేయకండి. చాలా ఫెస్టివల్స్ ముందే బయటికొచ్చేసిన సినిమాని తీసుకోవు, కాబట్టి ముందు వాటికి పంపండి, నవంబరులో గోవాలో ఇఫీ (భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవం), దానితోపాటే ప్రభుత్వ సినిమా సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీ నడిపే ఫిల్మ్ బజార్ (ఇప్పుడు వేవ్స్ ఫిల్మ్ బజార్ అంటున్నారు) జరుగుతాయి, అక్కడ సినిమాలు కొనేవాళ్ళూ, ఫెస్టివల్స్‌కి సినిమాలు ఎంచే ప్రోగ్రామర్లూ ఒకేచోట దొరుకుతారు. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ వేరే మనిషి చేత చేయించండి, "ఆయన వేరే ఫ్యామిలీ అండి" లాంటి లైన్ ఇంగ్లిష్‌లో కూడా పేలాలి, మెషీన్‌కి వదిలేస్తే చచ్చిపోతుంది. థియేటర్ కోసం అయితే డీసీపీ (థియేటర్ ప్రొజెక్టర్‌లో వేసే డిజిటల్ కాపీ) చేయించి, పెద్ద స్క్రీన్ మీద ఒక్కసారైనా మొత్తం వేసి వినండి, ల్యాప్‌టాప్‌లో వినపడని హమ్ (సన్నటి గుయ్యిమనే చప్పుడు) అక్కడ వినపడుతుంది. ఓటీటీ వాళ్ళకి పంపేటప్పుడు సెన్సార్ సర్టిఫికెట్, పాటల హక్కుల కాగితాలు, నటులందరి ఒప్పందాలు, లొకేషన్ ఇచ్చినవాళ్ళ సంతకాలు ఒకే ఫోల్డర్‌లో ఉండాలి, సినిమా నచ్చాక కాగితాల దగ్గర ఆగిపోయిన డీల్స్ చాలా ఉంటాయి. మొదటి వారం షోలు రాజమండ్రిలో, సాయంత్రం ఆరు గంటల ఆట కాకుండా మ్యాట్నీకి అడగండి, మీ సినిమా చూడాల్సిన ఆడవాళ్ళకి ఖాళీ దొరికేది ఆ టైములోనే.